“కంప్యూటరు తీసుకుంటలేదు” – ఆన్‌లైను దరఖాస్తులలోని హద్దులపై ఒక విమర్శ

నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట దగ్గరి ఉప్పునుంతల వంటి మండల కేంద్రములో మీసేవ కేంద్రము ముందు కొంతసేపు నిలుచున్నవారికి ఒక మాట వినబడును: “కంప్యూటరు తీసుకుంటలేదవ్వా.” ఈ మాట అన్న కుర్రవానిది తప్పు లేదు. విన్న అవ్వకు ప్రశ్నించు దారి లేదు. తహసీలుదారు కాదన్నచో ఎందుకని అడుగవచ్చును, పై అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. కంప్యూటరు కాదన్నచో కాదన్నవారెవరో తెలియదు. ఆ నిరాకరణ వెనుక తరచుగా ఉండునది ఒక అంకె మాత్రమే. ఆ అంకె ఎచ్చట వ్రాయబడి యున్నది, దానిని మార్చగలవారెవరు అనునది పైకి చిన్న విషయముగా తోచును గాని, అవ్వ పింఛను దానిమీదనే ఆధారపడి యున్నది.

పింఛనునే ఉదాహరణగా తీసికొందము. తెలంగాణలో ఆసరా పథకము 2014 నవంబరులో ఆరంభమైనప్పుడు వృద్ధాప్య పింఛనుకు కనీస వయస్సు 65 ఏళ్లు. 2021 ఆగస్టులో ప్రభుత్వము దానిని 57 ఏళ్లకు తగ్గించి, మీసేవ ద్వారా కొత్త దరఖాస్తులు తీసికొన్నది. ఉత్తర్వులో మారినది ఒక్క అంకె. ఇట్టి మార్పు ప్రోగ్రాములో ఎన్ని చోట్ల చేయవలసి యుండును?

ప్రోగ్రాము వ్రాయువారి అలవాటు ఇట్లుండును. గడిలో పుట్టిన తేదీ నింపగానే బ్రౌజరు లెక్కగట్టి, 65 కంటె తక్కువైనచో ఎర్ర అక్షరములు చూపును. దరఖాస్తు సర్వరునకు చేరిన పిమ్మట అచ్చట మరల 65తో పోల్చిచూచెదరు. డేటాబేసులో మూడవసారి. “65 ఏళ్లు నిండినవారే అర్హులు” అను సందేశములో నాలుగవసారి. రసీదు అడుగున ముద్రించు నియమములలో ఐదవసారి. ఈ ఐదింటిని వ్రాసినవారు ఒక్కరే కానక్కరలేదు. ఒకరు “65 లేక అంతకు మించి” అని వ్రాయుదురు. మరియొకరు “64 కంటె ఎక్కువ” అని వ్రాయుదురు. లెక్కకు రెండును ఒకటే. కాని మార్పు వచ్చిన నాడు ప్రోగ్రామంతయు గాలించి 65 అను అంకెను వెదకువానికి ఆ 64 కంటబడదు.

నాలుగు చోట్ల మార్చి ఒకచోట మరచిన ప్రోగ్రాము, అసలే మార్చని ప్రోగ్రాము కంటె చెడ్డది. బ్రౌజరులో 57 చేసి సర్వరులో 65 ఉంచినచో, 58 ఏళ్ల వృద్ధురాలి దరఖాస్తులో ప్రతి గడియు పచ్చగా వెలుగును. చివరి మీట నొక్కగానే “లోపము సంభవించినది, మరల ప్రయత్నించండి” అని వచ్చును. ఆమె మరల ప్రయత్నించును. మరునాడును ప్రయత్నించును. ప్రతిసారి ఆమెకు ఆనాటి కూలి పోవును.

తనిఖీ ఒక్కచోట చేసిన చాలదా అని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. బ్రౌజరు దరఖాస్తుదారు చేతిలోని పరికరము. కొద్దిపాటి తెలివిగలవాడెవడైనను దానిలోని తనిఖీని తప్పించుకొని, తన ఇచ్చవచ్చిన అంకెను సర్వరునకు పంపగలడు. కావున బ్రౌజరులోని తనిఖీ మర్యాద వంటిది: పొరపాటును ముందే చెప్పి శ్రమ తప్పించును. సర్వరులోని తనిఖీ చట్టము వంటిది. రెండును కావలెను. రెంటిలోను హద్దు ఒక్కటే కావలెను. చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

దీనికి మందు చాలకాలముగా తెలిసినదే. హద్దును ప్రోగ్రామునుండి బయటికి తీసి ఒక పట్టికలో ఉంచవలెను. 1956 చట్టము ననుసరించి 1958 అక్టోబరు నుండి దేశములో మెట్రిక్ తూనికలు ప్రవేశించి, క్రమముగా సేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోగ్రాములు వచ్చినప్పుడు, అంగళ్లలోని కాటాలను ఎవరును పారవేయలేదు. రాళ్లు మాత్రము మార్చినారు. కాటా పని పోల్చుట. దేనితో పోల్చవలెనో చెప్పునది రాయి. ఆ రాయి విడిగా ఉన్నది కనుకనే మార్చుటకు వీలైనది; దానిపై తూనికల శాఖ ముద్ర వేయుటకును వీలైనది. రాతిని కాటా దండెములోనే పోతపోసియుంచినచో దేశములోని కాటాలన్నియు కరిగింపవలసి వచ్చెడిది. నేటి ప్రోగ్రాములలో అనేకము ఇట్లు రాతిని దండెములో పోతపోసిన కాటాలే.

పట్టిక పద్ధతిలో ప్రోగ్రాము “వయస్సు 57 కంటె తక్కువా?” అని అడుగదు, “వయస్సు ఈ పథకపు కనీస వయస్సు కంటె తక్కువా?” అని అడుగును. ఆ కనీస వయస్సు ఎంతయో డేటాబేసులోని పట్టికనుండి చదువుకొనును. దరఖాస్తు పత్రము తెరచినప్పుడు సర్వరు అదే పట్టికలోని హద్దును బ్రౌజరునకు పంపును. సందేశములోని అంకెయు అచ్చటినుండియే వచ్చును, రసీదులోనిదియు అంతే. మార్పు వచ్చిన నాడు అధికారము గల ఉద్యోగి పట్టికలో ఒక్క అంకె మార్చును. ప్రోగ్రామరు నగరమునుండి రానక్కరలేదు.

“ఈ హద్దు ఎన్నడును మారదు, దీనికి పట్టిక ఎందుకు?” అని ప్రోగ్రామరులు అనుచుందురు. మారని హద్దులని నమ్మినవి ఎట్లు మారినవో చూడవలెను. ఓటు హక్కునకు వయస్సు సాక్షాత్తు రాజ్యాంగములో వ్రాసిన హద్దు. 61వ సవరణచే 1989లో అది 21 నుండి 18కి దిగినది. ఆడపిల్ల వివాహ వయస్సును 18 నుండి 21కి పెంచు బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చినది. 2024లో సభ రద్దగుటతో మురిగిపోయినది గాని, నెగ్గియున్నచో కల్యాణలక్ష్మి వంటి పథకపు దరఖాస్తు ఒక్కనాటిలో మారవలసి యుండెడిది. ఆ కల్యాణలక్ష్మి మొత్తమునే చూడుడు. 2014లో 51,000 రూపాయలు, 2017లో 75,116, 2018లో 1,00,116. మొదటి రెండును ఐదంకెలవి, మూడవది ఆరంకెలది. మొత్తము వ్రాయు గడికి వెడల్పు ఐదంకెలని నిర్ణయించిన ప్రోగ్రాము మొదటి పెంపును దాటిపోవును, రెండవ పెంపునకు విరిగిపోవును. మొదటిసారి ఏమియు కాలేదు కనుక రెండవసారి ఎవరును పరీక్షింపరు.

బండి నంబరును చూచినను ఇంతే. ఉప్పునుంతలలో 2013లో కొన్న మోటారు సైకిలుకు ఏ.పి. 22 అని మొదలగు నంబరు. 2015లో కొన్నదానికి టి.ఎస్. 06, 2018లో కొన్నదానికి టి.ఎస్. 31, 2024 మార్చి తరువాత కొన్నదానికి టి.జి. 31. ఊరు కదలలేదు. 2014 జూన్ 2న రాష్ట్రము మారినది, 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా చీలి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాలు ఏర్పడినవి, పిదప రాష్ట్రపు అక్షరములే మారినవి. ఈ నాలుగు బండ్లును ఒకే వీధిలో తిరుగుచుండవచ్చును. పది జిల్లాల జాబితాను ప్రోగ్రాములో వ్రాసినవాడు 2016లో 31గాను, 2019లో 33గాను తిరిగి వ్రాసియుండవలెను. ఆ ఊరిలో 1950లో పుట్టినవానిని “పుట్టిన రాష్ట్రము” అడిగినచో సరియైన జవాబు హైదరాబాదు రాష్ట్రము. అది ఏ జాబితాలో ఉన్నది?

ఇంతవరకు పట్టిక పక్షమున చెప్పినది. కాని హద్దును పట్టికలో పెట్టినంతమాత్రమున పని ముగిసినదనుకొనువారు మరియొక పొరపాటు చేయుచున్నారు. అంకె ఒక్కటే హద్దు కాదు. అది దేనిని లెక్కించుచున్నదో కూడ చెప్పినప్పుడే హద్దగును. తెలుగు పేర్ల విషయములో ఈ పొరపాటు విశేషముగా కనబడును.

“పేరు 20 అక్షరములకు మించరాదు” అని ఒక గడికి హద్దు. అక్షరమనగా ఏమి? “ఉప్పునుంతల” అను మాటను బడిపిల్లవాడు ఉ, ప్పు, నుం, త, ల అని ఐదుగా లెక్కించును. కంప్యూటరు యూనికోడు పద్ధతిలో ఉ, ప, విరామము, ప, ఉకారపు కొమ్ము, న, మరల కొమ్ము, సున్న, త, ల అని పది సంకేతములుగా లెక్కించును. వీనిని సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో దాచునప్పుడు ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. కావున ముప్పది బైట్లు. ఇదే పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో 12 అక్షరములు, 12 బైట్లే. వనపర్తి కంటికి నాలుగు, యూనికోడుకు ఏడు, బైట్లలో 21. గద్వాల మూడు, ఆరు, 18. మూడు కొలబద్దలును “అక్షరము” అను ఒకే పేరుతో చెలామణి యగుచున్నవి.

బ్రౌజరు గడిలో గరిష్ఠపు పొడవు 20 అని పెట్టినచో అది సంకేతములను లెక్కించును. ఉప్పునుంతల పది గనుక సుఖముగా లోనికి పోవును. కొన్ని డేటాబేసులలో 20 అనగా, వేరుగా చెప్పనిచో, 20 బైట్లు. ముప్పది బైట్ల పేరు అచ్చట పట్టదు. కొన్ని ప్రోగ్రాములు దరఖాస్తును తిప్పికొట్టును. కొన్ని 20వ బైటు వద్ద కోసివేయును. అట్లు కోసినప్పుడు మిగులునది “ఉప్పున” అను ఆరు సంకేతములు, వాని వెనుక అర్థములేని రెండు బైట్లు. రెండుచోట్లను అంకె 20యే. పట్టికనుండి చదివినను 20యే. అయినను రెండు తనిఖీలు రెండు వేరువేరు తీర్పులు చెప్పుచున్నవి.

కనిష్ఠపు హద్దు ఇంకను చిత్రమైనది. పేరు మూడక్షరములకు తగ్గరాదను నియమము ఇంగ్లీషు పత్రములనుండి దిగుమతి యైనది. రమ, ఉమ ఇంగ్లీషు లిపిలో ఈ హద్దును దాటుదురు (ఉమ సరిగా మూడక్షరములతో దాటును). తెలుగులో రెండే సంకేతములు గనుక ఇద్దరును నిలిచిపోవుదురు. తెలుగు పిల్ల పేరు తెలుగులో వ్రాసినందుకే చెల్లకపోవుట!

రాజ్‌కుమార్ సంగతి వేరు. జ్ తరువాత కు దానికి ఒత్తుగా అతుకకుండ ఉండుటకు ఆ రెంటి నడుమ కంటికి కనబడని ఒక సంకేతము వేయుదురు. అది లేనిచో పేరు “రాజ్కుమార్” అని అచ్చగును. ఆ సంకేతము యూనికోడులో తెలుగునకు కేటాయించిన 128 స్థానములలో లేదు, అన్ని లిపులకును ఉమ్మడియైన మరియొక చోట ఉన్నది. “తెలుగు అక్షరములు మాత్రమే” అని హద్దు పెట్టిన ప్రోగ్రాము ఆ పేరులో తెలుగు కానిదేదో కలదని తిరస్కరించును. దరఖాస్తుదారు ఎంత వెదకినను అది కనబడదు. దాని గుణమే కనబడకుండుట. పొడవు హద్దును ఎంతకు మార్చినను ఈ దోషము పోదు. ఇది పట్టికతో తీరు లోపము కాదు, భాష తెలిసి వ్రాయవలసిన నియమము.

ఇక రెండవ అతిశయము. హద్దులన్నియు పట్టికలోనే ఉండవలెనను వాదము ఈ మధ్య బలముగా వినబడుచున్నది. తెలంగాణలో భూమిని ఎకరములలోను గుంటలలోను కొలుతురు. 40 గుంటలు ఒక ఎకరము. కావున గుంటల గడిలో 39కి మించిన అంకె రారాదు. ఆంధ్రలో ఎకరములు, సెంట్లు. సెంట్ల గడికి హద్దు 99. ఈ 39ని, 99ని పట్టికలో పెట్టి ఎవరికి మార్చు అధికారమియ్యవలెను? ఏ ప్రభుత్వమును ఉత్తర్వుచే ఎకరమునకు 45 గుంటలు చేయబోదు. ఇది కొలతలోనే ఉన్న హద్దు, ప్రోగ్రాములోనే ఉండదగినది. ఏ కొలతను వాడవలెనో ఎన్నుకొను వీలు పట్టికలో ఉండిన చాలును.

కొలతను చెప్పక అంకెను మాత్రమే దాచినచో వచ్చు నష్టము చిన్నది కాదు. 2 ఎకరముల 20 గుంటలనగా రెండున్నర ఎకరములు. దానిని 2.20 అని వ్రాసి దశాంశముగా చదివినచో రెండు ఎకరముల ఎనిమిది గుంటలే అగును. పన్నెండు గుంటలు మాయమగును. గుంటకు 121 చదరపు గజముల చొప్పున అది 1,452 గజములు. 2025 జనవరిలో ఆరంభమైన రైతుభరోసా క్రింద ఎకరమునకు పంటకు 6,000 రూపాయల చొప్పున లెక్కగట్టినచో రైతునకు 15,000 రావలసినచోట 13,200 వచ్చును. గడి తనిఖీ మాత్రము ఏ తప్పును చూపదు. 20 అను అంకె 39కి తక్కువే, 99కిని తక్కువే!

ఆధారు సంఖ్య సంగతియు ఇట్టిదే. పన్నెండంకెలలో చివరిది తనిఖీ అంకె. డచ్చి గణితవేత్త వెర్హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతిలో దానిని లెక్కగట్టుదురు. ఒక అంకె తప్పు పడినను, పక్కపక్క అంకెలు తారుమారైనను ఆ పద్ధతి పట్టుకొనును. దీనిని “ఈ తనిఖీ కావలెనా, వద్దా” అని ఒక మీటగా మార్చి కార్యాలయపు చేతికిచ్చుట సౌకర్యము కాదు. పని ఒత్తిడి గల ఒకనాడు ఎవరో దానిని ఆపివేయుదురు, తిరిగి పెట్టుట మరచెదరు.

వయస్సు వంటి హద్దులలో మరియొక మెలిక. రైతుబీమాకు వయస్సు 18 నుండి 59 వరకు. 59 ఏళ్ల ఏడు నెలలవాడు లోపలివాడా, బయటివాడా? వయస్సును పూర్తి సంవత్సరములలో లెక్కించు ప్రోగ్రామునకు అతడు 59, లోపలివాడు. నెలలతో కూడ లెక్కించి “59కి మించరాదు” అని పోల్చు ప్రోగ్రామునకు అతడు బయటివాడు. బీమా డబ్బు చేతికి వచ్చునది రైతు పోయిన తరువాత, అతని ఇంటివారికి. అప్పుడు ఈ ప్రశ్నను వాదించుటకు అతడుండడు. కావున పట్టికలో 59 అని వ్రాసి ఊరకుండరాదు; “60 నిండనివారు” అను అర్థమును, వయస్సు లెక్కించు తేదీని కూడ వ్రాయవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది, సామాన్యముగా అందరును మరచునది ఒకటి గలదు. పట్టికలోని పాత అంకెను చెరిపి కొత్తది వ్రాయరాదు. పాత వరుస క్రింద కొత్త వరుస చేర్చి, రెంటికిని తేదీలు వేయవలెను: 65, 2014 నవంబరు నుండి, 57, 2021 ఆగస్టు నుండి. ఒక వృద్ధురాలికి 60 ఏళ్లనుకొందము, 2021 జూన్‌లో దరఖాస్తు పెట్టినది, నాటి నియమము ప్రకారము తిరస్కరించినారు, అది న్యాయమే. రెండేండ్ల తరువాత తనిఖీదారు అదే దరఖాస్తును మరల యంత్రముచే పరీక్షింపజేసినచో, పాత అంకె చెరిగిపోయినది గనుక ఆమె అర్హురాలని తేలును. తిరస్కరించిన గుమాస్తా దోషి యగును. వయస్సు హద్దును ఒకనాడు పెంచిరేని ఫలితము తలక్రిందులై, న్యాయముగా పింఛను పొందినవారు అక్రమముగా పొందినట్లు కనబడుదురు. పూర్వము కార్యాలయములలో పాత ఉత్తర్వును చింపివేసెడివారు కారు. అంచున “రద్దు” అని వ్రాసి తేదీ వేసి దస్త్రములోనే ఉంచెడివారు. ఆ అలవాటు కంప్యూటరునకు వచ్చునప్పటికి పోయినది.

హద్దును మార్చు అధికారము గలవాడును పొరపాటు చేయును. 57 అనబోయి 75 అని కొట్టినచో ఒక్క క్షణములో రాష్ట్రమంతట 60, 70 ఏళ్లవారు అనర్హులగుదురు. ప్రోగ్రాములో పాతుకొనిపోయిన అంకెకు ఉన్న ఒకే ఒక సుగుణము ఇట్లు క్షణములో మారకుండుట. దానిని మార్చుటకు పరీక్ష కావలెను, మరియొకరు చూడవలెను. పట్టికకు వచ్చినప్పుడు ఆ జాగ్రత్తను పోగొట్టుకొనరాదు. హద్దునకును హద్దులుండవలెను, కనిష్ఠము గరిష్ఠమును మించరాదు, ఒకరు వ్రాసినది రెండవవారు ఒప్పుకొన్నగాని అమలుకు రారాదు, ఏ ఉత్తర్వు సంఖ్యను బట్టి మార్చినారో ప్రక్కన వ్రాయవలెను.

ఎవరును వ్రాయకయే ఉండు హద్దులును కలవు. పాసుపుస్తకపు ప్రతిని జతచేయు గడి వద్ద “5 ఎం.బి. వరకు” అని పట్టికనుండి చదివి చూపవచ్చును. కాని సర్వరు ముందు తరచుగా ఉండు ఎన్‌జిన్‌ఎక్స్ అను ద్వారపాలకుడు, ప్రత్యేకముగా చెప్పనిచో, 1 ఎం.బి.కి మించినదానిని లోనికి రానీయడు. వెనుక పి.హెచ్.పి. భాషలో వ్రాసిన ప్రోగ్రాము ఉన్నచో, చెప్పనిచో, దాని హద్దు 2 ఎం.బి. ఫోనుతో తీసిన ఒక్క ఫోటోయే 3 ఎం.బి. ఉండుట నేడు సాధారణము. గడి సరేనన్నది, ద్వారము కాదన్నది. దరఖాస్తుదారునకు ఆ రెంటి భేదము తెలియదు.

తిరస్కరించునప్పుడు ఏ హద్దు దాటినది, అది ఏ ఉత్తర్వుచే, ఏ తేదీనుండి వచ్చినది అను మూడును దరఖాస్తుదారు భాషలో చూపుట పట్టిక గల ప్రోగ్రామునకు ఏమాత్రము కష్టము కాదు. అన్నియు ఒకే వరుసలో ఉన్నవి. “వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండవలెను, దరఖాస్తులోని తేదీ ప్రకారము 56 ఏళ్ల 8 నెలలు” అని కాగితముమీద అచ్చువేసి ఇచ్చినచో, పుట్టిన తేదీయే తప్పుపడినదని అవ్వ అచ్చటనే చెప్పగలదు, లేదా ఆ కాగితము పట్టుకొని మండల కార్యాలయమునకు పోగలదు.

ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గది ఉన్న ఉపాధ్యాయులు దీనిని ఒక పీరియడులో పరీక్షింపవచ్చును. నిజమైన ప్రభుత్వ దరఖాస్తులు ఇందుకు వాడరాదు. విద్యార్థులచేతనే పేరు, వయస్సు, భూమి విస్తీర్ణము గల చిన్న పత్రము వ్రాయించి, ఒక జట్టు వ్రాసినదానిని మరియొక జట్టుకు ఇయ్యవలెను. రమ, రాజ్‌కుమార్, ఉప్పునుంతల అను మూడు పేర్లును, 2-20, 2-40 అను రెండు విస్తీర్ణములును, 59 ఏళ్ల ఏడు నెలల వయస్సును వరుసగా నింపి చూడవలెను. వీనిలో పత్రము తిప్పికొట్టవలసినది 2-40 ఒక్కటే.